ఇద్దరుంటే కోరం

సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడల్లా పిన్ని ముందు చేతులు కడుక్కునేది. ఉల్లిపాయ వాసన కాగితానికి అంటుతుందని ఆమె భయం. ఆ బుధవారం మధ్యాహ్నం కూడా కడుక్కుని, వేళ్ల సందులు తువ్వాలుతో తుడుచుకుని, బల్ల దగ్గర నిలబడింది. యజమాని ఇంట్లో, ఆ వంటింట్లో పన్నెండేళ్లుగా వండుతున్నా ఆమె ఆ బల్ల దగ్గర కూర్చోవడం తక్కువ.

సీళ్లాయన కాగితాలు పరిచాడు. యజమాని లాండ్రీ కంపెనీ కాగితాల పనంతా ఆయనదే. రబ్బరు సీళ్లన్నీ ఒక డబ్బాలో వేసుకుని తిరుగుతాడు కాబట్టి ఆ ఇంట్లో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. సంతకం పెట్టాల్సిన ప్రతిచోటా పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు వేసి తెచ్చాడు.

"ఇక్కడ. ఇక్కడ. మళ్లీ ఇక్కడ. అంతేనమ్మా, నీ పోపు మాడకముందే వదిలేస్తాను."

పిన్ని ఊపిరి బిగబట్టి ఒక్కో అక్షరం గీసింది. బల్లకి రెండో కొసన ఆమె అక్క కూతురు పుస్తకం ముందు కూర్చుని ఉంది. లా మూడో ఏడు. పెరటి గదిలో పిన్నితోనే ఉంటోంది. ఆ గదిలో కిటికీ లేదు. అందుకని పగలు ఈ వంటింటి వెలుగులోనే చదువుకుంటుంది. మంగళవారం కంపెనీ లా పరీక్ష.

"ఏం చదువుతున్నావు లాయరమ్మా?"

"కంపెనీ లా అండీ."

"అబ్బో! నేను ఇరవై రెండేళ్లుగా అదే తింటున్నాను. ఇంకా అరగలేదు." సీళ్లాయన తన మాటకి తనే నవ్వుకుని, సంతకాల మీద సిరా ఆరేదాకా ఊదాడు. ఒక కట్ట సంచీలో పెట్టుకున్నాడు. రెండోది బల్లమీదే వదిలాడు. "డ్రైవరు వస్తే ఇదే గుర్తుల దగ్గర పెట్టమను. సాయంత్రం వచ్చి పట్టుకెళ్తాను."

ఆయన వెళ్లాక పిన్ని పొయ్యి దగ్గరికి తిరిగింది. అమ్మాయి పేజీ తిప్పబోయి, చేతికి తగిలిన ఆ కట్టని దగ్గరికి లాక్కుంది. పుస్తకంలో వందసార్లు చదివిన మాట అసలు కాగితం మీద ఎలా ఉంటుందో చూద్దామనుకుంది, అంతే.

'ఈ నెల అయిదో తేదీ సోమవారం ఉదయం పదకొండు గంటలకు జరిగిన డైరెక్టర్ల సమావేశపు మినిట్సు.' హాజరైనవాళ్లు ఇద్దరు. పిన్ని, డ్రైవరు. అధ్యక్షత పిన్నిదే. యజమాని డైరెక్టరు పదవికి రాజీనామా ఇచ్చారు. దాన్ని ఆ రోజే ఆమోదించారు. ఇకమీదట లాండ్రీ రోజువారీ నిర్వహణ, యంత్రాలు, బాయిలరు, కార్మికుల భద్రత, అన్నిటి బాధ్యత ఈ ఇద్దరు డైరెక్టర్లదే.

అమ్మాయి గోడ మీది కేలండరు చూసింది. ఇవాళ ఇరవై ఎనిమిది. లాండ్రీలో బాయిలరు పక్క ఆవిరి గొట్టం పగిలి, మంట చూసుకునే పెద్ద ఫైర్‌మన్ ముఖమూ చెయ్యీ ఉడికిపోయింది ఇరవై నాలుగో తేదీ శనివారం.

"పిన్నీ, అయిదో తారీఖు సోమవారం పదకొండింటికి నువ్వేం చేస్తున్నావు?"

"సోమవారమా? అమ్మగారి తలకి రంగు వేస్తున్నా. ఏం?"

"ఏ మీటింగూ జరగలేదు కదా?"

"జుట్టుకి రంగెయ్యడానికి మీటింగెందుకే?" పిన్ని గరిటె తిప్పుతూనే అంది. "ఎప్పుడు జరిగాయి గనక. నేను పనిలో చేరిన కొత్తలో ఎవరో ఇద్దరి పేర్లు కావాలన్నారు, నన్నూ డ్రైవరు తమ్ముణ్ణీ పెట్టారు. ఏడాదికోసారి కాగితాలొస్తాయి, గీకుతాం."

"ఈసారి కాగితం వేరు పిన్నీ. ప్రమాదం జరిగిన రోజు కంపెనీని నడిపింది నువ్వే అని ఉంది ఇందులో."

పిన్ని గరిటె ఆపింది. అమ్మాయి వైపు తిరగలేదు. గిన్నెలోకే చూస్తూ, "నేనా," అంది. అడిగినట్టు లేదు.

*

మర్నాడు క్లాసులో లెక్చరర్ డైరెక్టర్ల బాధ్యతల మీద చివరి పాఠం చెప్పింది. ఆమె బోర్డు మీద ఏమీ రాయదు. చేతులు వెనక్కి కట్టుకుని బెంచీల మధ్య నడుస్తూ చెబుతుంది.

"నాకు చదువు రాదు, నాకు చెప్పలేదు, నేను పేరుకే ఉన్నాను. ఈ మూడు మాటలూ ప్రతి కోర్టులోనూ వినపడతాయి. నిద్రపోయే డైరెక్టరుకి వేరే చట్టం లేదు. మెలకువగా ఉన్నవాడిదే అతనికీ వర్తిస్తుంది."

వెనక బెంచీలో ఎవరో, "మేడం, అయితే మన క్లాసంతా డైరెక్టర్లే," అన్నారు. అందరూ నవ్వారు. అమ్మాయి నవ్వలేదు. నోట్సులో ఒకచోటే పెన్ను నొక్కుకుంటూ పోయింది. కాగితం చిరిగింది.

క్లాసు అయ్యాక సీళ్లాయన ఆఫీసుకి నడిచింది. మెట్ల కింద ఒక గది. మూడు గోడలా ఫైళ్లు. ఒక్కో ఫైలు వీపు మీద ఒక్కో కంపెనీ పేరు. ఆయన బ్రెడ్డుముక్క టీలో ముంచుకుని తింటున్నాడు.

"మా పిన్ని సంతకం వెనక్కి ఇవ్వండి," అంది అమ్మాయి.

"సంతకం ఏమన్నా గొడుగా తల్లీ, మర్చిపోయానని వెనక్కి తీసుకెళ్లడానికి?"

"ఆ తేదీ అబద్ధం. ఆ మీటింగు అబద్ధం."

ఆయన బ్రెడ్డు పూర్తిగా నమిలి మింగాడు. చేతులు దులుపుకున్నాడు. "చూడమ్మా. ఈ గోడలనిండా ఉన్న మీటింగుల్లో నిజంగా జరిగినవి ఎన్నో తెలుసా? నేను కూడా లెక్కపెట్టలేదు. ఒక నమూనా ఉంది. పేరూ తేదీ మారుస్తాను, అచ్చు తీస్తాను. కంపెనీలన్నీ అలాగే నడుస్తాయి. మీ పుస్తకంలో రాయలేదేమో గానీ."

"మా పుస్తకంలో రెండేళ్ల జైలు రాసుంది."

"రాస్తారు. సోమవారం బాయిలర్ల ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఇద్దర్నీ చూస్తాడు. వంటావిడ, డ్రైవరు. జాలిపడతాడు, జరిమానాతో సరిపెడతాడు. అయ్యగారు దగ్గరుండి చూసుకుంటారు." ఆయన గొంతు తగ్గించాడు. "మీ పిన్నికి ఇల్లు ఎవరిది? నీకు గది ఎవరిది? బాగా చదువుకుంటున్న పిల్లవి. పరీక్ష రాయి. డ్రైవరు చేత నిన్న సాయంత్రం గేటు దగ్గర నేనే పెట్టించేశాను. కాగితాలు పొద్దున్నే కంపెనీల రిజిస్ట్రారుకి పోయాయి."

ఆమె వీధిలోకి వచ్చి స్టాపులో నిలబడింది. బస్సు వచ్చింది. ఎక్కలేదు. తర్వాతది వచ్చింది. అదీ ఎక్కలేదు.

*

శుక్రవారం లాండ్రీకి వెళ్లింది. పిన్ని వెళ్లమనలేదు. ఎవరూ వెళ్లమనలేదు.

పెద్ద రేకుల షెడ్డు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు చక్రాల బుట్టల్లో కొండలుగా వస్తున్నాయి. సోడా వాసన ముక్కులో గుచ్చుకుంటోంది. దుప్పట్లు ఇస్త్రీ చేసే పొడుగాటి రోలరు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు తడి దుప్పటిని చెరో కొసా పట్టుకుని లోపలికి అందిస్తున్నారు. అటువైపు ఇంకో ఇద్దరు వేడివేడిగా అందుకుని మడుస్తున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. రోలరు ఎవరికోసమూ ఆగదు.

బాయిలరు గది వెనక ఉంది. పగిలిన గొట్టానికి కొత్త ముక్క అతికించారు. దాని మెరుపు పాత గొట్టాల మధ్య కొత్త పన్నులా ఉంది. కానీ పైన సేఫ్టీ వాల్వు పాతదే. దాని చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంది. ఆవిరి సన్నగా చిమ్ముతోంది. చిన్న ఫైర్‌మన్ నలభై ఏళ్లవాడు. ఒత్తిడి చూపే మీటరు ముల్లు మీదనుంచి చూపు తియ్యకుండా మాట్లాడాడు.

"వాల్వు మార్చలేదా అన్నా?"

"గొట్టం మార్చారు. గొట్టం లేకపోతే పని నడవదు. వాల్వు లేకపోయినా నడుస్తుంది కదా," అన్నాడు. "ఒత్తిడి పెరిగితే అది తెరుచుకోవాలి. తెరుచుకోదు. కారుతుంది. అందుకే పెద్దాయన ముఖం మీదికి గొట్టం పగిలింది. మూడుసార్లు రాశాడు పుస్తకంలో, వాల్వు మార్చండి అని. ఇదిగో ఇక్కడ వేలాడేది ఆ పుస్తకం." గోడకి మేకు ఉంది. మేకు కింద పుస్తకం ఆకారంలో గోడ తెల్లగా ఉంది. "శనివారమే అయ్యగారు పట్టుకెళ్లారు."

"మరి నువ్వు ఆపెయ్యొచ్చు కదా."

"ఎవరు చెప్పాలి ఆపమని?" అతను మొదటిసారి ఆమె వైపు చూశాడు. కుడి కనుబొమ్మ సగం కాలి ఉంది. "నా అంతట నేను ఆపితే రేపు ఈ కుర్చీలో ఇంకొకడుంటాడు. వాడికి ముల్లు చదవడం కూడా రాదు."

*

శనివారం పొద్దున టిఫిన్లయ్యాక యజమాని వంటింట్లోకి వచ్చాడు. ఆయన అక్కడికి రావడం అరుదు. చేతుల్లో పాత కాగితాల దొంతర, పైన ఒక లావుపాటి పుస్తకం. అన్నీ అరుగు మీద పెట్టాడు.

"పాత చెత్త. పెరట్లో వేసి కాల్చెయ్. పూర్తిగా కాలేదాకా అక్కడే ఉండు. గాలికి ఎగరకుండా చూడు."

"అలాగేనండి."

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "సోమవారం ఓసారి లాండ్రీకి రావాలి నువ్వు. డ్రైవరు కూడా. ఆఫీసరొస్తాడు. ఏమీ తెలీదని చెప్తే చాలు, అంతా పెద్ద ఫైర్‌మనే చూసుకునేవాడని. భయపడకు." అమ్మాయి వైపు చూసి నవ్వాడు. "ఎలా ఉంది చదువు? గదిలో ఫ్యాను తిరుగుతోందా?"

"తిరుగుతోందండి."

ఆయన చెప్పుల చప్పుడు వరండా దాటేదాకా ఇద్దరూ కదల్లేదు. పిన్ని దొంతర ఎత్తుకుని పెరట్లోకి నడిచింది. పాత కరెంటు బిల్లులు, హోటళ్ల ఉత్తరాలు, చిరిగిన చలాన్లు. అగ్గిపుల్ల గీసి ఒక్కొక్కటే వేసింది. పుస్తకం మాత్రం మోకాళ్ల మీద పెట్టుకుంది. బూడిదరంగు అట్ట. దానినిండా మసి వేలిముద్రలు.

"చదువు," అంది.

అమ్మాయి వెనకనుంచి పేజీలు తిప్పింది. రెండో తేదీ. 'సేఫ్టీ వాల్వు కారుతోంది. మార్చవలెను.' పక్కన ఎర్రసిరాతో 'చూద్దాం', కింద యజమాని పొట్టి సంతకం, తేదీ. పన్నెండో తేదీ. 'వాల్వు తెరుచుకోవడం లేదు.' ఎర్రసిరా, 'చూద్దాం'. పంతొమ్మిది. 'మనుషులకు ప్రమాదం.' మళ్లీ అదే ఎర్రసిరా.

"పిన్నీ, ఆయన అయిదో తేదీనే తప్పుకున్నానంటున్నాడు. పన్నెండునా పంతొమ్మిదినా సంతకాలు పెట్టాడు."

"అంటే?"

"అంటే కాగితం అబద్ధమని ఇందులో ఉంది. అందుకే కాల్చమన్నాడు. నువ్వు కాలిస్తే కాల్చింది అధ్యక్షురాలే అవుతుంది. ఇంకో కేసు." అమ్మాయి పుస్తకం మూసింది. "నిన్ను ఎలా బయటపడేయాలో తెలీడం లేదు. నా పుస్తకంలో శిక్షల పేజీలన్నీ తిరగేశాను. రాజీనామా చేద్దామంటే ఇద్దరికంటే తగ్గకూడదు. ఒకవేళ చేసినా జరిగిందానికి..."

పిన్ని పుల్లతో మంట కెలికింది. నిప్పు చూడటం ఆమెకి చేతనైన పని. ఎక్కడ రేపాలో ఎక్కడ అణచాలో ఆలోచించకుండానే చెయ్యి పోతుంది.

"అయ్యగారిప్పుడు కంపెనీలో లేరు. అంతేనా?"

"కాగితం ప్రకారం లేరు. నువ్వు బుధవారం సంతకం పెట్టేసరికి పోయారు."

"ఉన్నది నేను, తమ్ముడు."

"అదే నా భయం."

"నువ్వలా భయం భయం అనకు, నాకు కంగారుగా ఉంటుంది. అడిగింది చెప్పు. ఇంకెవరూ లేరా? మా పైన?"

"ఎవరూ లేరు. వాటాలు ఆయనవే అనుకో, మిమ్మల్ని తీసెయ్యాలంటే నోటీసివ్వాలి, రోజులు పడతాయి. అప్పటిదాకా కంపెనీ అంటే మీరిద్దరే."

"అయితే ఈ పుస్తకం ఆయనదా, కంపెనీదా?"

నాలుగు రోజులుగా అమ్మాయి శిక్షలున్న పేజీలే చదువుతోంది. డైరెక్టర్ల అధికారాలు అనే అధ్యాయం వాటికి ముందే ఉంది. పరీక్షకి ముఖ్యం కాదని సీనియర్లు చెప్తే వదిలేసింది. లేచి గదిలోకి పరిగెత్తి, బుధవారం సీళ్లాయన కట్ట పట్టుకెళ్లేలోపు తను చేత్తో రాసుకున్న మినిట్సు నకలు తెచ్చింది. నాలుగో పేరా దగ్గరే కంగారుపడి, మిగతాది మనసు పెట్టకుండా ఎక్కించింది ఆ రోజు. అయిదో పేరా ఉంది. సీళ్లాయన నమూనాలో ప్రతి కంపెనీకీ ఉండే పేరా. ఎవరూ అంతదాకా చదవరు, వేసినాయన కూడా.

'ఇకపై కంపెనీ పుస్తకములు, రిజిస్టర్లు అన్నియు అధ్యక్షులవారి స్వాధీనంలో ఉండును.'

చదివి వినిపించింది. పిన్ని మళ్లీ చదవమంది. ఆమె పుస్తకం మీద బూడిద దులిపి, చంకలో పెట్టుకుని లేచింది.

"మరి ఆయన వస్తువు దాస్తున్నట్టు నాకెందుకీ గుండెదడ," అంది.

*

ఆదివారం యజమాని కుటుంబం బంధువుల కారులో ఊరి బయటికి వెళ్లింది. డ్రైవరుకి సెలవు. పిన్ని కబురు పెడితే పదకొండింటికి వచ్చాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని. బల్లమీద తెల్లకాగితాలూ ఎదురుగా రెండు కుర్చీలూ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటక్కా ఇది? పెళ్లిచూపులా?"

"మీటింగు. కూర్చో."

"నేను నిలబడే వింటాలే."

"బాబాయ్, నిలబడితే కోరం కాదు," అంది అమ్మాయి. అది నిజం కాదు. ఆయన కూర్చోవాలని అంది.

ఆయన కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. అమ్మాయి అంతా చెప్పింది. తేదీలు, సంతకాలు, పుస్తకం. ఆయన వింటున్నంతసేపూ కారు తాళాలు వేలికి తిప్పుతూనే ఉన్నాడు.

"తల్లీ, నేను పద్దెనిమిదేళ్లుగా స్టీరింగు దగ్గర కూర్చుంటున్నా. బండి ఎటు పోవాలో ఒక్కరోజు నేను చెప్పలేదు. వెనకసీట్లోంచి ఎటంటే అటు. ఇప్పుడు నన్ను చెప్పమంటున్నావు."

"నువ్వు చెప్పకపోతే ఒక్కదాన్నే అవుతాను తమ్ముడూ," అంది పిన్ని. "ఇద్దరుండాలిట."

"ఉద్యోగం పోతుందక్కా."

"పోతుంది. నాకు ఇల్లూ పోతుంది."

డ్రైవరు తాళాలు బల్లమీద పెట్టాడు. మళ్లీ తీసుకున్నాడు. అమ్మాయి ఒప్పించడానికి వరసగా కారణాలు సిద్ధం చేసుకుంది. ఒక్కటీ చెప్పలేదు. పిన్ని కంటితోనే వద్దంది.

"ఆ రోజు పెద్దాయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే," అన్నాడు చివరికి, బల్లకేసి చూస్తూ. "వెనకసీట్లో పడుకోబెట్టాం. అరవలేదు. ఊఁ ఊఁ అంటున్నాడు, అంతే. దింపేసి ఇంటికొచ్చాను. అయ్యగారు వరండాలోకొచ్చారు. కారు తలుపు తీసి చూశారు. సీటు కవరు మార్చెయ్, వాసనొస్తుంది అన్నారు." ఆగాడు. "మనిషెలా ఉన్నాడని అడుగుతారని నిలబడ్డానక్కా. చాలాసేపు నిలబడ్డాను."

కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "రాయి తల్లీ. ఏం రాయాలో."

"జరిగింది రాద్దాం బాబాయ్. జరిగిందే రాయాలి," అంది అమ్మాయి. పరీక్షలో రాసినట్టు తలకట్లు సరిగా పెట్టి రాసింది. ఆదివారం, ఉదయం పదకొండుంబావు, వంటగది. హాజరు ఇద్దరు. ఒకటి, అయిదో తేదీన సమావేశం జరగలేదు. బుధవారం ఇరవై ఎనిమిదిన, చదివి వినిపించకుండా సంతకాలు తీసుకున్నారు. రెండు, బాయిలరు రిజిస్టరు అధ్యక్షురాలి దగ్గర ఉంది, దాన్ని ఇన్‌స్పెక్టరుకి అప్పగించాలి. పిన్ని మధ్యలో ఆపి, "మూడోది రాయి. పెద్దాయన వైద్యం ఎవరు చూస్తున్నారో, ఎలా ఉన్నాడో కనుక్కోవాలి," అంది.

"అది మినిట్సులో..." అని ఆగి, అమ్మాయి రాసింది.

*

సోమవారం కారులో పిన్ని మొదటిసారి వెనకసీట్లో కూర్చుంది. పక్కన యజమాని. ముందు డ్రైవరు, పక్కసీట్లో సీళ్లాయన. పిన్ని ఒళ్లో కూరల సంచీ. కొత్త సీటు కవరు నైలాను వాసన వేస్తోంది.

"ఆ కాగితాలు కాల్చావా?"

"కాల్చాల్సినవి కాల్చానండి."

డ్రైవరు అద్దంలోకి చూడలేదు. రోడ్డు మీదే చూపు పెట్టుకున్నాడు. అమ్మాయి బస్సులో వచ్చి గేటు దగ్గర కలిసింది. యజమాని ముఖం చిట్లించాడు గానీ, పిన్ని, "నాకు చదవడం కష్టమండి, చదివి పెడుతుంది," అంటే కాదనలేకపోయాడు. గేటు లోపల ఇన్‌స్పెక్టరు అప్పటికే నిలబడి ఉన్నాడు.

ఇన్‌స్పెక్టరు సన్నటి మనిషి. సొంత టార్చి తెచ్చుకున్నాడు. బాయిలరు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వాల్వు దగ్గర ఆగి, ఆవిరికి మసకబారిన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. చిన్న ఫైర్‌మన్ మీటరు పక్కన బిగుసుకుని నిలబడ్డాడు. అవతల రోలరు తిరుగుతూనే ఉంది.

"యజమాని ఎవరు?"

"వాటాలు నావండి," అన్నాడు యజమాని మెత్తగా. "కానీ నిర్వహణ నుంచి అయిదో తేదీనే తప్పుకున్నాను. ఆరోగ్యం. రిజిస్ట్రారుకి కూడా పంపాం. ఇప్పుడు డైరెక్టర్లు వీళ్లిద్దరే." సీళ్లాయన నకలు అందించాడు.

ఇన్‌స్పెక్టరు కాగితం చూశాడు. పిన్ని చేతులు చూశాడు. డ్రైవరు చొక్కా చూశాడు. అటువంటివాళ్లని చాలామందిని చూసినట్టు నిట్టూర్చాడు. "మీరేనా డైరెక్టర్లు?"

సీళ్లాయన కళ్లతో సైగ చేస్తున్నాడు, ఏమీ తెలీదను, ఏమీ తెలీదను అని. పిన్ని గొంతు సవరించుకుంది.

"అవునండి. మేమే. బుధవారం నుంచి."

యజమాని తల తిప్పాడు. ఆమె సంచీలోంచి బూడిదరంగు పుస్తకం తీసింది. నాలుగు మడతల కాగితం దానిమీద పెట్టి రెండు చేతులా అందించింది. "కంపెనీ పుస్తకమండి ఇది. నా దగ్గరుండాలని రాశారు, ఉంచాను. మా మీటింగు కాగితం ఇదండి. అది జరిగింది."

"ఏయ్, అది నా ఇంట్లోది..." అని యజమాని అడుగు ముందుకేశాడు. ఇన్‌స్పెక్టరు చూపు ఎత్తేసరికి ఆగాడు.

ఆయన కాగితం చదివాడు. తర్వాత పుస్తకం వెనకనుంచి తిప్పాడు. ఒకచోట వేలు పెట్టాడు, ఇంకోచోట, మరోచోట. "పన్నెండో తేదీ 'చూద్దాం'. పంతొమ్మిదో తేదీ 'చూద్దాం'. ఎవరి అక్షరాలివి?"

సీళ్లాయన పైన గొట్టాలకేసి చూస్తున్నాడు. వాల్వు దగ్గర చిమ్మే చప్పుడు కొంచెం పెరిగింది. ఫైర్‌మన్ మీటరు అద్దం మీద గోటితో తట్టాడు. ముల్లు ఎర్రగీత వైపు వెంట్రుకంత జరిగింది.

"ఇలాంటి వాల్వుతో మంట పెట్టారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నేను మూయించాలంటే నోటీసు రాయాలి, పైఆఫీసు సంతకం రావాలి. సాయంత్రమవుతుంది. యాజమాన్యం ఈ నిమిషంలో ఆపొచ్చు." పెన్ను తీశాడు. "ఇక్కడ యాజమాన్యం ఎవరు?"

"ఆపెయ్ బాబూ," అంది పిన్ని.

గట్టిగా అనలేదు. వంటింట్లో పాలు పొంగబోతే అన్నట్టు అంది. ఫైర్‌మన్ చెయ్యి బర్నరు చక్రం మీదే ఉంది. అతను యజమాని వైపు చూశాడు. పద్నాలుగేళ్లుగా చూసే చోటది.

యజమాని నోరు తెరిచాడు. ఇన్‌స్పెక్టరు పెన్ను కాగితం మీద ఆనించి, ఆయన ఏమంటాడో రాసుకోవడానికి ఎదురుచూశాడు. యజమాని ఆ పెన్ను చూశాడు. ఆసుపత్రి దుప్పట్ల బుట్టలు చూశాడు. నోరు మూసుకున్నాడు.

"నేను కూడా ఆపమంటున్నాను," అన్నాడు డ్రైవరు. ఆయన గొంతు అంత పెద్దదని అమ్మాయికి అప్పటిదాకా తెలీదు.

ఫైర్‌మన్ చక్రం తిప్పాడు. లోపల మంట ఒక్కసారి ఊగి, కూర్చుంది. ముల్లు కాసేపు అక్కడే ఉండి, తర్వాత దిగడం మొదలుపెట్టింది. షెడ్డులో ఆవిరి అందక రోలరు నెమ్మదించి, ఒక దుప్పటిని సగంలో పట్టుకుని నిలిచిపోయింది. ఇటువైపు ఆడవాళ్లిద్దరూ కొసలు వదలకుండా తలలు తిప్పి చూశారు.

"చల్లారడానికి ఎంతసేపు?" అని అడిగింది పిన్ని.

"రెండు గంటలు పడుతుందమ్మా."

ఆమె అటూ ఇటూ చూసింది. ఫైర్‌మన్ తన కుర్చీ తుడిచి ముందుకి జరిపాడు. పిన్ని కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, ముల్లు కేసి చూస్తూ, రెండు గంటలూ కూర్చునేదానిలా కూర్చుంది.